గొళ్లెం మోగేదాకా

ఖాదర్ బాషా అరుగు మీద చేరి, "అది కాదు సారూ, ఆత్మకూరులో ఒక ఇల్లు చూపించినా చూడు" అని మొదలుపెట్టాడంటే, లోపల ఇంకా ఇల్లు సర్దడం కాలేదని అర్థం. ఈ సంగతి కొనడానికి వచ్చినవాళ్లకు తెలియదు. ఆ ఇంట్లో బాడుగకు ఉన్నవాళ్లకు మాత్రం బాగా తెలుసు.

ఆళ్లగడ్డలో ఒక సందు చివరింట్లో బాడుగకుంటున్న హుమేరాకు ఆ పొద్దు కిటికీలోంచి ఆ గొంతు వినపడేసరికి కంగారు పుట్టింది. మధ్యాహ్నం వస్తామన్నవాళ్లు పొద్దున్నే బస్సు దొరికిందని దిగబడ్డారు. ఇక్కడ చూస్తే తన చేతిలో తడిగుడ్డ, కాళ్ల దగ్గర బకెట్, మంచం మీద అత్త జాన్‌బీ. పక్షవాతం వచ్చి నడుము కింద భాగం, ఎడమ చెయ్యి పడిపోయిన మనిషి, అప్పుడే పక్క తడుపుకుంది. మొగుడు తౌసీఫ్ పరుపులు కుట్టే పని మీద వెలుగోడు పోయాడు. చేసుకోవాల్సిందంతా ఒక్కతే.

ఇల్లు ఎడ్విన్ గారిది. ఆయన నంద్యాలలో ఉంటాడు, అమ్మేద్దామనుకున్నాడు. అమ్ముకోనీ, ఆయన ఇల్లు ఆయనిష్టం. హుమేరా ఐదుపూటలా నమాజులో అడుగుతున్నది ఒకటే. కొనేవాళ్లెవరైనా కానీ, తమను ఉండనిస్తే చాలు. మంచంలో మనిషి ఉందంటే కొత్తగా ఇల్లిచ్చేవాడు ఆళ్లగడ్డ మొత్తం వెతికినా లేడు. తౌసీఫ్ చెప్పులరిగేలా తిరిగి చూశాడు. అడిగినచోటల్లా ముందు నవ్వుతూ మాట్లాడి, ముసలామె సంగతి చెప్పగానే, చుట్టాలొస్తున్నారు ఇల్లు మాకే కావాలని తలుపేసుకున్నారు.

నెల కిందట ఎవరో ఒకాయన బ్రోకర్ లేకుండా తనంతట తనే ఇల్లు చూడ్డానికొచ్చి, కేకైనా వెయ్యకుండా నేరుగా లోపలికి నడిచాడు. జాన్‌బీ ఒంటి మీద బట్ట సరిగ్గా లేదు. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఎప్పుడు ఖాళీ చేస్తారు?" అని అడిగి, ఆ రుమాలు తియ్యకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజంతా జాన్‌బీ గోడవైపే చూస్తూ పడుకుంది. అప్పట్నుంచి ఆమె ఏదీ అడగడం మానేసింది. అన్నం పెడితే తింటుంది, లేకపోతే లేదు.

ఆ తర్వాతే ఎడ్విన్ గారు ఖాదర్ బాషాకు ఇల్లప్పగించాడు. బాషా నంద్యాల మనిషి. ఇళ్లు అమ్మిపెట్టడం పని, కోతలు కోయడం పుట్టుక. మొదటిసారి వచ్చినప్పుడు గడప బయటే నిలబడి హుమేరాతో చెప్పాడు. "చూడమ్మా, ఎవుర్ని తెచ్చినా అరుగు మీదనే కూర్చోబెడతా. నువ్వు నిదానంగా సర్దుకో. అయినాంక లోపల్నుంచి గొళ్లెం ఆడించు. అది మోగేదాకా దేవుడొచ్చినా గడప తొక్కనియ్యను. బయట వాళ్లను ఎట్ల కూర్చోబెట్టాలో నాకొదిలెయ్యి."

ఇప్పుడు బయట ముగ్గురున్నారు. ఉయ్యాలవాడ నుంచి వచ్చిన రాజరత్నం సారు, బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య హన్నమ్మ. పిలవకపోయినా వచ్చి చేరిన ఎదురింటి దర్జీ ఫిలిప్. బాషా కథ చెబుతున్నాడంటే కుట్టుమిషన్ మీద జాకెట్ గుడ్డ సగంలో వదిలేసి వచ్చే రకం అతను.

"అడివి మొదట్లోనే ఉంటాది సారూ ఆ ఇల్లు," బాషా గొంతు కిటికీలోంచి సాగింది. "బాడుగకుండే ఆయమ్మ వాకిట్లోనే నన్ను నిలేసె. 'బాషన్నా, పాప రాత్రంతా ఏడ్సి ఏడ్సి ఇప్పుడే కండ్లు మూసింది. అది లేసిందంటే నీ తోలు తీస్తా' అనె. ఇల్లు చూసేకొచ్చినాయన కర్నూలాయన. బూట్లేసుకోనుండాడు. ఆయన నడుస్తాంటే సందు అదురుతాంది. నేనేం జేస్తి? బూట్లు ఇప్పించి ఆయన చేతికే ఇస్తి. ముందర నేను, ఎనక ఆయన, పిల్లుల మాదిరి ఇల్లంతా తిరిగొస్తిమి. పాప కదల్లా."

"అంతేనా?" అన్నాడు ఫిలిప్. అతనికి నిరాశగా ఉంది.

హుమేరా జాన్‌బీని పక్కకు దొర్లించి తడి దుప్పటి లాగింది. రబ్బరు షీటు తుడవాలి. కొత్త దుప్పటి పెట్టె అడుగున ఎక్కడో ఉంది. ఇంకా చీర మార్చాలి, తల దువ్వాలి, నేల మీద ఫినాయిల్ చల్లాలి. పిల్లి నడకల కథతో ఇన్ని పనులు కావని ఆమెకు ఏడుపొచ్చింది.

బాషా తలుపు వంక చూసి ఉంటాడు. గొంతు కొంచెం లేచింది.

"అంతేనా అంటావేందప్పా! కథంతా ఈడ్నే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా పాప ఉయ్యాల దగ్గరికి పోయేసరికి కర్నూలాయన ముక్కు అదరబట్టె. తుమ్ము! అది మామూలు తుమ్మనుకున్యావా? మిరపకాయల యాపారం చేసే మనిషి తుమ్ము. వదిలితే పాప సంగతి అట్లుండనీ, ఆత్మకూరే లేసి కూచుంటాది. ఇదిగో, ఈ తువ్వాలే. ఆయన మూతికి అడ్డం పెట్టి, వచ్చిన తుమ్మును వచ్చినట్టే పట్టి మూటగట్టేస్తి."

"తుమ్మును మూటగట్టినావా?" హన్నమ్మ గొంతు.

"గట్టిగా ముడేసినానమ్మా. లేకుంటే జారిపోదా?"

మంచం మీద ఏదో చప్పుడైంది. దగ్గొచ్చిందేమోనని హుమేరా గబుక్కున చూసింది. దగ్గు కాదు. జాన్‌బీ పెదవి ఒక పక్కకు లాగి ఉంది. పడిపోయిన పక్క కాదు, పనిచేసే పక్క. నవ్వుతోంది.

"అమ్మీ, కదలొద్దు," అంది హుమేరా చీర కుచ్చిళ్లు సర్దుతూ.

"నువ్వే సప్పుడు చేస్తాండావు. విననీ," అంది జాన్‌బీ.

బయట ఫిలిప్ ఒప్పుకోవడం లేదు. తుమ్ము గాలి కదా, గుడ్డలో ఎట్లా నిలుస్తుందని అడుగుతున్నాడు. ఎంతైనా గుడ్డల సంగతి తెలిసిన మనిషి. బాషా అతన్ని తేలిగ్గా తీసేశాడు.

"నువ్వు కుట్టే గుడ్డలో నిలవదులేప్పా. ఇది మా అత్తోల్లు పెండ్లిలో పెట్టిన తువ్వాల. సరే, మూట సంకలో పెట్టుకున్యానా, ఎనక రూము చూపించల్ల. తలుపు తోస్తి. ఆడ ఎవురుండారో తెలుసా?"

"ఎవురు?" రాజరత్నం సారు మొదటిసారి నోరు విప్పాడు.

"ఎలుగుబంటి."

"ఎలుగుబంటా!" అంది హన్నమ్మ.

"బాడుగకే సారూ. ముందర రూముల్లో ఆయమ్మోల్లు, ఎనక రూములో ఇది. నల్లమల్లో ఎండలు జాస్తి అయినాయని కిందికి దిగింది. చుట్టూ నలుగురుంటారు, నీడ పట్టున ఉండొచ్చని."

"బాడుగ ఏమిస్తాదప్పా?" అన్నాడు ఫిలిప్.

"తేనె. ఒకటో తేదీ తెల్లారేసరికి వాకిట్లో పెట్టిపోతాది. అట్ల టయానికి బాడుగిచ్చే మనిషిని ఒక్కన్ని చూపించు నాకు, ఇప్పుడే వాని కాళ్లు మొక్కుతా."

"గోడలకు సున్నం కొట్టియ్యమని అడగదా?" అన్నాడు రాజరత్నం సారు, బడిలో పిల్లవాణ్ని ప్రశ్న అడిగినట్టు.

"ఏమీ అడగదు సారూ. వానకు ఇల్లు కారినా అట్లే ముడుసుకోని పండుకుంటాది."

"మేమూ అట్లే పండుకుంటాం. మమ్మల్ని మెచ్చుకునేటోల్లు ఎవురూ ల్యా," అన్నాడు ఫిలిప్. అతనిదీ బాడుగ ఇల్లే.

హన్నమ్మ నవ్వు వినపడింది. హుమేరాకు చేతులు చురుగ్గా కదిలాయి. కొత్త దుప్పటి పరిచింది. ముడతలు లాగింది. జాన్‌బీ నెరిసిన జుట్టు తడిచేత్తో సర్ది, జడ చిన్నదైనా అల్లింది. ఫినాయిల్ చల్లి నేల తుడుస్తూ చెవి కిటికీకే అప్పగించింది.

"ఇంగ కర్నూలాయన నన్ను పక్కకు లాగి అడుగుతాండాడు. 'బాషా, ఇల్లు బాగుంది గానీ, ఆ లోపలాయన ఎప్పుడు ఖాళీ చేస్తాడు?' అని. నేనంటి, 'సామీ, అది నేనడిగే మాట గాదు, నువ్వే అడుగు.' లోపలికి పోయినాడు. ఎలుగుబంటి ఈయన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది, అంతే. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్యాడు. 'బాషా, ఇల్లు నేనే కొంటా. కానీ ఆయన్ను కదపొద్దు. ఇన్నేండ్లుగా ఇల్లు చూసుకుంటాండాడు, ఇల్లు ఆయన్ను చూసుకుంటాంది. మధ్యలో మనమెవరం? ఉండనీ' అనె."

ఉండనీ. హుమేరా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ మాట కొనేవాళ్ల చెవిన పడాలనే బాషా కథలో కలిపాడని ఆమెకు అర్థమైంది. ఎలుగుబంటి పేరు చెప్పి తన కోసం అడుగుతున్నాడు. సొంత అన్న కూడా నా గురించి ఇట్లా అడగడేమో అనుకుంది. కళ్లు చెమర్చాయి. దేవుడు ఆయన నోరు చల్లగా చూడాలి, అబద్ధాలాడినా సరే అని దువా చేసింది.

సాంబ్రాణి వెలిగించి, బకెట్ పెరట్లో పెట్టి, చెయ్యి కడుక్కుని తలుపు దగ్గరికి నడిచింది. గొళ్లెం మీద చెయ్యి వెయ్యబోయింది.

"ఆగు!" అంది జాన్‌బీ.

"ఏంది అమ్మీ?"

"ఆ తుమ్ము ఏమైంది? ఇంకా సంకలోనే ఉండాది గదా!"

"అమ్మీ, వాళ్లు శానాసేపట్నుంచి కూర్చోనుండారు. లేసి పోతే ఇల్లు పోతాది."

"ఇల్లు యాడికీ పోదు. నువ్వు గొళ్లెం కొడితే కథ పోతాది."

హుమేరా ఏం చెయ్యాలో తెలియక నిలబడింది. ఒక పక్క ఇల్లు. ఇంకో పక్క నెలరోజులుగా ఏదీ అడగని మనిషి, ఇప్పుడు మంచం మీది నుంచి మెడ ఎత్తి, ఒక తుమ్ము కోసం బతిమాలుతోంది. ఆ కళ్లలో వెలుగు చూసి హుమేరాకు గొళ్లెం తాకబుద్ధి కాలేదు. మెల్లగా చెయ్యి దించేసి, మంచం పక్కన కూర్చుంది.

పాపం, బయట బాషాకు ఈ సంగతేం తెలుసు? కథ గట్టుకు చేర్చాడు, ఇల్లు కొనిపించాడు, ఎలుగుబంటిని ఉండనిచ్చాడు. అయినా గొళ్లెం మోగదు. లోపల ఏమైందో ఏమో, ముసలామెకు ఏమైనా అయిందేమోనని ఆయన గొంతులో కొంచెం కంగారు తొంగిచూసింది. దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లయితే అయిపాయ. మూట మాత్రం నా సంకలోనే ఉండె," అన్నాడు.

జాన్‌బీ హుమేరా చెయ్యి నొక్కింది. చెప్పలేదా అన్నట్టు.

"యాడ ఇప్పల్ల దాన్ని? ఊర్లో ఇప్పితే పాప లేస్తాది. అడివిలో ఇప్పితే జింకలు బెదురుతాయి. సరే అని బస్సెక్కితి. మూట ఎగిరెగిరి పడతాంది. కండక్టరొచ్చి, 'అందులో ఏముంది పెద్దాయనా, కోడా?' అనె. తుమ్మప్పా అంటి. 'తుమ్మయినా సరే, లగేజీ టికెట్టు తీసుకోవల్ల' అనె. తీసుకున్యా! కావాలంటే టికెట్టు ఇంట్లో పటం కట్టించి పెట్టినా. దార్లో డీజిల్ అయిపాయ. డ్రైవరు తల పట్టుకోని కూర్చునె. నేను పోయి ఎనక కిటికీలో మూట రవ్వంత వదులు చేస్తి. చూడు సారూ, బస్సు ఉరికింది! మజ్జలో స్టాపులు లేవు. ఆపితే గదా, ఆగేకి. వెలుగోడు రిజర్వాయరు కట్ట మీదకొచ్చినాంకనే నిలబడింది."

"ఆడ ఇప్పేసినావా?" హన్నమ్మ నవ్వు ఆపుకోలేక అడిగింది.

"ఆడ్నే. నీళ్లు లేసినాయమ్మా, తాటిచెట్టంత! లేసి, కాలవల్లోకి దూకి, నంద్యాల దాకా పారినాయి. ఆ ఏడు రైతులందరూ వానలు బాగా పన్యాయని పండగ చేసుకున్యారు. ఎవురికి తెలుసు అది కర్నూలాయన తుమ్మని? నేను ఎవురికీ చెప్పల్యా. మనకెందుకు ఆ పేరు?"

లోపల జాన్‌బీ పకపకా నవ్వింది. దాచుకోలేదు. ఒక చెయ్యి మంచం పట్టెను కొడుతూ, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. ఆ నవ్వు కిటికీ దాటి అరుగు మీదికి పోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు బాషా.

అని ఆగాడు. ఇంక ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. తుమ్ము ఖర్చయిపోయింది, ఎలుగుబంటి నిద్రపోతోంది, బస్సు కట్ట మీద ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో ఆయనకే తెలియదు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు రాజరత్నం సారు.

"ఏంది సారూ?"

"ఆ తర్వాత లోపల గొళ్లెం మోగింది."

బాషా తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఆ ఇల్లు ఆత్మకూరులో కాదు బాషా," రాజరత్నం సారు నెమ్మదిగా అన్నాడు. "నంద్యాలలో, నూనెపల్లెలో, మేము బాడుగకుండిన ఇల్లు. ఎలుగుబంటి లేదు, తుమ్మూ లేదు. అప్పుడు నువ్వు చెప్పింది ఆవలింత."

"అవును," హన్నమ్మ అందుకుంది. "ఇల్లు చూసేకొచ్చినాయన ఆవలిస్తే ఊరు ఊరంతా నిద్రపోయిందంటివి. దొంగతనానికి వచ్చినోడు కూడా గోడ మీదనే నిద్రపోయినాడంటివి. నేను లోపల పక్కలో ఉండి విన్యా. కానుపై ఇంటికొచ్చిన కొత్త. ఒళ్లంతా జరం, లేసి నిలబడలేను. ఈయన బడికి పోయినాడు. ఇల్లు చూసేకి ఎవరో వచ్చినారంటే భయమేసింది. చీర తడిసిపోయి ఉంది, ఇల్లంతా చిందరవందర. నేను మెల్లగా చీర మార్చుకోని, తల దువ్వుకోని, గొళ్లెం ఆడించేదాకా నువ్వు ఒక్కర్ని గడప తొక్కనియ్యలేదన్నా. ఎంతసేపు పట్టిందో నాకే తెలీదు. నువ్వు మాత్రం ఆపలేదు."

"పాప..." అన్నాడు బాషా.

"పాప లేయలేదు. ఆ ఒక్క మాటే నిజం నీ కథలో. మా కీర్తన. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు."

"ఎన్ని ఇండ్లు చూపించుంటానమ్మా, నాకు యాడ గుర్తుంటాది," అన్నాడు బాషా తలొంచుకుని. ఇన్నేళ్లలో ఆయన కథను నమ్మనివాళ్లు చాలామంది దొరికారు. కథ ఎందుకు చెబుతున్నాడో తెలిసినవాళ్లు దొరకడం ఇదే మొదలు.

"నీకు గుర్తుండక్కర్లేదప్పా. మాకుంది," అన్నాడు రాజరత్నం సారు. "రిటైరైనాంక ఒక ఇల్లు కొనుక్కుంటే, వచ్చే బాడుగతో ఇద్దరికీ గడుస్తాదనుకున్యాం. కొంటే ఖాదర్ బాషా చూపించే ఇల్లే కొనల్లని ఈమె పట్టుబట్టింది. నిన్ను వెతుక్కుంటూ మేము నంద్యాల పోయింది అందుకే. కథ మొదలుపెట్టినావు చూడు, అప్పుడే అర్థమైంది లోపల ఎవరో మంచంలో ఉండారని." కిటికీ వైపు తిరిగి, గొంతు పెంచకుండానే, లోపలికి వినపడేలా అన్నాడు. "అమ్మా, ఎవురున్యారో గానీ, నిదానంగా కానియ్యండి. మేము పొమ్మని చెప్పేకి రాలేదు. ఉండమని చెప్పేకే వచ్చినాం."

హుమేరా లేవబోయి మళ్లీ కూలబడింది. ఏడుపు వచ్చేసింది. జాన్‌బీ పనిచేసే చేత్తో కోడలి తల నిమిరింది.

"ఏడిసింది సాలు. ఇప్పుడు కొట్టు," అంది.

హుమేరా కొంగుతో ముఖం తుడుచుకుని, తల మీదికి లాక్కుని, గొళ్లెం గట్టిగా ఆడించింది. అరుగు మీదివాళ్లకీ వినపడేంత గట్టిగా, నాలుగిళ్లవతలికీ వినపడేంత గట్టిగా.

"పరదా అమ్మా, పరదా!" మగవాళ్లు లోపలికి వస్తున్నారని బాషా అలవాటు కొద్దీ కేకేశాడు, అందరూ తనను చూసి నవ్వుతున్నా.

హన్నమ్మ ముందు వచ్చింది. ఇల్లు చూడలేదు. నేరుగా వెళ్లి మంచం మీద జాన్‌బీ పక్కన కూర్చుని, ఆ పడిపోయిన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. ఎప్పట్నుంచో ఎరిగినవాళ్లలాగా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాషా గడపలోనే నిలబడిపోయాడు. తువ్వాలు కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమప్పా, మళ్లా తుమ్ము పడతాండావా?" అన్నాడు ఫిలిప్ వెనక నుంచి.

బాషా పలకలేదు. ఆయన పలకని రోజు ఒకటుందని ఫిలిప్ తర్వాత సందంతా చెప్పుకుని తిరిగాడు, ఎవరూ నమ్మలేదు.

రాజరత్నం సారు గోడలు తట్టి చూశాడు, కప్పు చూశాడు, వంటగది చూశాడు. చివరికి వెనక రూము గుమ్మం దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి, నవ్వు దాచుకుంటూ హుమేరా వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఈ రూములో ఎవురూ లేరే?"

బయటివాళ్లతో ఏనాడూ గట్టిగా మాట్లాడని హుమేరా, గడపలో నిలబడ్డ బాషాను ఒకసారి చూసింది. ఆ మనిషి రుణం ఎట్లా తీర్చుకోవాలో అప్పుడే తోచింది.

"ఉండాది సార్," అంది. "తేనె తెచ్చేకి పోయింది. రేపు ఒకటో తేదీ గదా."